తెర వెనుక పాచిక: పాత్రధారణ క్రీడలో దయ, సత్యం

ఉపోద్ఘాతం

ఒకరికి మేలు చేయడం కోసం వారికి తెలియకుండా వారితో అసత్యమాడవచ్చునా? నీతిచింతనలో ఇది చాలా పాత ప్రశ్న. దీనిని సాధారణంగా పెద్ద సందర్భాలలో పెట్టి చర్చిస్తారు. మరణశయ్య మీది రోగి, అతని వ్యాధి పేరు దాచే వైద్యుడు. దొంగలు తరుముతున్న బాటసారి, అతడు దాగిన చోటు తెలిసిన తాపసి. ఈ వ్యాసం చాలా చిన్న సందర్భాన్ని ఎంచుకుంటుంది. ఒక బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురు మిత్రులు, ఒకరి ముందు మడతలు పెట్టి నిలిపిన అట్ట తెర, దాని వెనుక ఒక ఇరవై ముఖాల పాచిక. ఇక్కడ ఎవరి ప్రాణమూ, ఆస్తీ, పదవీ పణంగా లేవు. అందువల్లనే ఈ సందర్భం పరిశీలనకు అనుకూలమైనది. పెద్ద సందర్భాలలో అసత్యాన్ని కమ్ముకొనే ఇతర ఒత్తిళ్లు ఇక్కడ తొలగిపోతాయి. అసత్యం, దాని వెనుక ఉన్న దయ, ఈ రెండు మాత్రమే ఎదురెదురుగా నిలుస్తాయి.

తెర వెనుక పడిన పాచికను ఆట నడిపేవారు మార్చి చెప్పవచ్చునా, చెబితే అందులో తప్పు ఎక్కడ ఉంది అన్నది ఈ వ్యాసంలోని విచారణ. దయకు ఈ ఆటలో విస్తారమైన చోటు ఉందనీ, అయితే ఆ చోటు పాచిక పడకముందు ఉందనీ, పడిన తరువాత లేదనీ నిరూపించే ప్రయత్నం చేస్తాను.

క్రీడాస్వరూపం

పాత్రధారణ క్రీడగా ఇక్కడ పేర్కొంటున్నది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో రూపుదిద్దుకొన్న ఆటల కుటుంబం. ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్రను సృష్టించుకొంటాడు: ఒక యోధుడు, ఒక మాంత్రికురాలు, ఒక వైద్యురాలు. మిగిలిన ప్రపంచమంతా, అంటే ఊళ్లు, అడవులు, రాజులు, రాక్షసులు, వాతావరణం, నిర్వాహకుని చేతిలో ఉంటుంది. ఆ నిర్వాహకునికి ఈ ఆటలో డంజన్ మాస్టర్ అని పేరు. ఆటగాడు తన పాత్ర ఏమి చేస్తుందో నోటితో చెబుతాడు. ఫలితం సందేహాస్పదమైనప్పుడు పాచిక వేస్తారు. ఆట ఒక పూటతో ముగియదు. అదే బృందం, అదే పాత్రలు వారాల తరబడి, కొన్నిసార్లు సంవత్సరాల తరబడి కొనసాగుతాయి.

ఈ నిర్వాహకుని వంశవృక్షం సైనిక శిక్షణ వరకు పోతుంది. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్విట్జ్ సమర్పించిన ‘క్రీగ్‌ష్పీల్’ అనే యుద్ధక్రీడలో ఉభయపక్షాలకు మధ్య ఒక తీర్పరి ఉండేవాడు. దెబ్బల ఫలితాలను పాచికలతో, పట్టికలతో తేల్చేవాడు. 1876లో వెర్డీ డు వెర్నోయిస్ అనే సేనాధికారి ఆ పట్టికల భారాన్ని తొలగించి, అనుభవజ్ఞుడైన తీర్పరి వివేకానికే నిర్ణయం వదలాలని ప్రతిపాదించాడు. పాచిక నిర్ణయించాలా, మనిషి నిర్ణయించాలా అన్న వివాదం ఈ ఆటల పుట్టుకకు ముందునుంచే ఉందన్నమాట. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ రెండు సంప్రదాయాలనూ ఒకే మనిషి చేతిలో పెట్టింది. అతడు పాచిక వేస్తాడు, తీర్పూ చెబుతాడు, పైగా కథను కూడా కల్పిస్తాడు. ఈ మూడు పనులు ఒకరిలో కలవడమే మన ప్రశ్నకు మూలం.

ఈ నిర్వాహకుణ్ణి సూత్రధారి అనవచ్చునా? పేరు అందంగా ఉంటుంది గాని సగమే అతుకుతుంది. నాటకంలో సూత్రధారికి చివరి అంకం తెలుసు. ఇక్కడ నిర్వాహకునికి తెలియదు, తెలియకూడదు కూడా. తెలియకపోవడానికి రెండు కారణాలున్నాయి: ఎదుట కూర్చున్న మిత్రుల స్వేచ్ఛ ఒకటి, పాచిక రెండవది. ఈ రెండింటిలో ఏది తొలగించినా అతడు నిజంగానే సూత్రధారి అవుతాడు. ఎదుటివారు తాము ఆటగాళ్లమనుకొంటున్న ప్రేక్షకులవుతారు.

ఒక సందర్భం

ఈ చర్చకు ఆధారం నా సొంత అనుభవం కనుక దానిని క్లుప్తంగా చెప్పడం అవసరం. నలుగురు మిత్రులకు నేను ఏడాదికి పైగా ఈ ఆట నడిపాను. వారిలో ఒకామె ఒక వృద్ధ వైద్యురాలి పాత్ర ధరించేది. ఆ మధ్యనే ఆమె తండ్రి మరణించాడు. ఆటకు కొన్ని వారాలు రాలేదు, తరువాత తానే వచ్చింది.

ఆమె తిరిగి వచ్చిన రెండవ వారం ఆటలో ఒక గుహలో పోరాటం జరిగింది. వైద్యురాలు నేలకొరిగింది. 2014 నాటి అయిదవ కూర్పు నియమాల ప్రకారం హిట్ పాయింట్లు సున్నకు చేరిన పాత్ర వెంటనే మరణించదు. ప్రతి వంతులోనూ ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. పది, అంతకు పైన పడితే ఒక సాఫల్యం. తక్కువ పడితే ఒక వైఫల్యం. మూడు సాఫల్యాలకు ప్రాణం నిలుస్తుంది, మూడు వైఫల్యాలకు పోతుంది. పడి ఉన్న పాత్రకు దగ్గరనుంచి శత్రువు దెబ్బ తగిలితే అది రెండు వైఫల్యాల కింద లెక్క. ఆమెకు అప్పటికే ఒక వైఫల్యం ఉంది. గుహలోని మృగం ఆమె పక్కనే నిలబడి ఉంది. నేను తెర వెనుక పాచిక వేశాను. దెబ్బ తగిలింది. ‘తప్పింది’ అని చెప్పాను.

బల్ల చుట్టూ నిట్టూర్పు వినిపించింది. ఆ తరువాతి వంతులో మరొక మిత్రుడు ఆమెను బ్రతికించాడు. ఆ రాత్రి ఇంటికి వెళుతూ మంచిపని చేశాననే అనుకొన్నాను.

నెలలు గడిచిన తరువాత, ఆట నడపడంలోని మెలకువలను గూర్చిన మాటల మధ్య ఈ సంగతి నా నోట జారింది. ఆమె కోపగించుకోలేదు. కాసేపు ఊరకుండి, ‘మరి ఆ వంతెన మీద?’ అని అడిగింది. గుహకు ఎంతో ముందు, ఒక కొయ్య వంతెన మీద, ఆ వైద్యురాలు ఒంటరిగా నిలిచి శత్రువులను ఆపిన ఘట్టం ఒకటుంది. ఆమె దానిని ఇంట్లో తండ్రికి కూడా చెప్పిందట. ఆ రోజు నేను ఒక్క పాచికనూ మార్చలేదు. అదే చెప్పాను. ఆమె సరేనంది. కాని ఆమె నమ్మిందో లేదో నాకు తెలియలేదు. నమ్మించడానికి నా దగ్గర ఏ సాధనమూ మిగలలేదని మాత్రం తెలిసింది.

దయాపక్షం

నేను చేసిన పనికి సమర్థన లేకపోలేదు. దానిని బలహీనపరచకుండా చెప్పాలి.

మొదటిది, ఆధికారం. 1979లో వెలువడిన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో గైగాక్స్ స్వయంగా ఈ విషయం ప్రస్తావించాడు. ఆటగాని దోషం లేకుండా, కేవలం పాచిక క్రూరత్వం వల్ల పాత్ర మరణించబోయేటప్పుడు నిర్వాహకుడు కలుగజేసుకోవచ్చునన్నాడు. 2014 నాటి గైడ్ కూడా తెర వెనుక పాచిక వేస్తే ఫలితాలను అవసరమైతే మార్చే వీలుంటుందని చెబుతుంది. నియమగ్రంథమే అనుమతించినప్పుడు నియమోల్లంఘన ఎక్కడ?

రెండవది, సంభావ్యత. ఇరవై ముఖాల పాచికలో ఏ ఒక్క సంఖ్య అయినా పడే అవకాశం 5 శాతం. ఇరవై పడితే దెబ్బకు వేసే పాచికలు రెట్టింపవుతాయి. ఒక పూట ఆటలో శత్రుపక్షం ఇరవై సార్లు దెబ్బ తీస్తే, కనీసం ఒకసారి ఇరవై పడే అవకాశం సుమారు 64 శాతం. దీర్ఘకాలం సాగే ఆటలో అకారణమైన విపత్తు ఏదో ఒకనాడు రావడం దాదాపు తప్పదు. ఏడాది పాటు ఒక మనిషి ప్రేమతో పెంచిన పాత్రను ఒక ప్లాస్టిక్ ముక్క తీసుకొనిపోవడంలో న్యాయం ఏముంది?

మూడవది, ప్రయోజనం. మిత్రులు కూడేది ఆనందం కోసం. కథ నడవాలి, స్నేహం నిలవాలి. పాచిక సాధనమే గాని సాధ్యం కాదు. సాధనం సాధ్యాన్ని చెరపబోతే సాధనాన్ని సవరించడం వివేకమే కదా.

నాలుగవది, స్వార్థరాహిత్యం. పాచికలో మోసం అనగానే తెలుగువారికి శకుని గుర్తుకు వస్తాడు. అతని మోసం గెలుపు కోసం, ఎదుటివాని రాజ్యం కోసం. నిర్వాహకునికి గెలుపు అనేదే లేదు. అతడు మార్చిన పాచిక వల్ల నష్టపోయింది అతని మృగమే. హోయిజింగా తన ‘హోమో లూడెన్స్’ (1938)లో మోసగానినీ, ఆటను చెడగొట్టేవానినీ వేరుచేశాడు. మోసగాడు ఆటను గౌరవిస్తున్నట్లు నటిస్తాడు గనుక సమాజం వానినే తేలికగా క్షమిస్తుందన్నాడు. మన నిర్వాహకుడు ఆ రెండు కోవలలోనూ ఇమడడు. తనకు ఏ లాభమూ లేకుండా ఎదుటివాని కోసం మోసం చేసేవానికి ఆ గ్రంథంలో పేరు లేదు.

శుక్రుని బోధ, బలి సమాధానం

హితకరమైన అసత్యం గురించి తెలుగు పాఠకునికి అందరికంటె ముందు గుర్తుకు వచ్చే ఘట్టం పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామనచరిత్ర. మూడడుగుల నేల ఇస్తానన్న బలికి శుక్రాచార్యుడు అసత్యదోషం అంటని సందర్భాలను లెక్కించి చెబుతాడు. ప్రాణం, ధనం, మానం భంగపడే వేళ అందులో ఉన్నాయి. ఆ జాబితాలో ప్రాణాపాయం ఉండడానికి కారణం సుబోధకమే. నిజమైన ప్రాణానికి ముందు ఒక మాట చిన్నదవుతుంది. భారతం కర్ణపర్వంలోని కౌశికుని కథ కూడా ఇదే దిశలో పోతుంది. బాటసారుల జాడ దొంగలకు నిజం చెప్పిన తాపసి పుణ్యం పొందలేదు, దుర్గతి పొందాడు.

ఈ మినహాయింపును బల్ల మీదికి తెచ్చి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ఇక్కడ కాపాడబడిన ప్రాణం కల్పితం. వైద్యురాలు కాగితం మీద ఉన్నది. కాని మోసపోయిన స్నేహితురాలు కల్పితం కాదు. ఆమెకు నా మాట మీద ఉన్న నమ్మకమూ కల్పితం కాదు. శుక్రుని లెక్కలో నిజమైన ప్రాణం కోసం మాట వ్యయమవుతుంది. నా లెక్కలో కల్పిత ప్రాణం కోసం నిజమైన నమ్మకం వ్యయమయింది. తక్కెడలో పళ్లేలు తారుమారయ్యాయి. మినహాయింపు ఏ హేతువు మీద నిలిచిందో ఆ హేతువే దానిని ఇక్కడ నిరాకరిస్తుంది.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. కాపాడినది పాత్రను కాదు, దుఃఖంలో ఉన్న మిత్రురాలిని కదా అనవచ్చు. తండ్రి పోయిన మనిషికి ఆటలో కూడా మరణమే ఎదురుకావాలా? ఈ ఆక్షేపణ బరువైనది. అయితే ఇది ఆ రాత్రి పాచిక వేయకుండా ఉండడానికి హేతువు గాని, వేసి మార్చి చెప్పడానికి కాదు. మృగం నిలబడి ఉన్న యోధుని వైపు తిరగవచ్చు. నెత్తురు వాసనకు బెదరి గుహలోనికి పారిపోవచ్చు. మృగం ఏమి చేస్తుందన్నది పూర్తిగా నా కల్పనాధికారం. ఆ అధికారాన్ని నేను వాడలేదు. ఎందుకు? ఆ క్షణాన బల్ల చుట్టూ కమ్మిన భయం నాకు కావలసివచ్చింది. భయం కావాలి, దాని మూల్యం వద్దు. దయ అని నేను పేరు పెట్టుకొన్నదానిలో ఈ లోభం కలిసి ఉన్నదని ఒప్పుకోవలసి ఉంటుంది.

ఇక్కడ బలి సమాధానం ప్రసంగవశాత్తు రాదు, నేరుగా వర్తిస్తుంది. బలి అసత్యం గురించి సాధారణ సిద్ధాంతం చెప్పలేదు. ఇచ్చిన మాట వెనుకకు తీసుకోనన్నాడు. పాచిక వేయడం కూడా ఒక మాట ఇవ్వడమే. ‘ఏది పడితే దానికి మనమంతా కట్టుబడతాం’ అన్న వాగ్దానం ఆ చేతి విసురులో ఉంది. లేకుంటే పాచిక దొర్లే చప్పుడుకు అందరూ ఊపిరి బిగబట్టడానికి కారణం కనబడదు. దానం ఇవ్వకముందు బలికి స్వేచ్ఛ ఉంది. ధార పోసిన తరువాత లేదు.

అవధాన సభ చెప్పే పాఠం

నియమం ఒక ఆనందానికి సాధనమా, లేక ఆనందంలో భాగమా? దయాపక్షంలోని మూడవ వాదం నియమాన్ని సాధనంగా మాత్రమే చూసింది. బెర్నార్డ్ సూట్స్ ‘ది గ్రాస్‌హాపర్’ (1978)లో దీనిని ఖండించే నిర్వచనం ఇచ్చాడు. అనవసరమైన ఆటంకాలను స్వచ్ఛందంగా అంగీకరించి వాటిని దాటే ప్రయత్నమే ఆట అని అతని సిద్ధాంతసారం. పందెంలో గమ్యానికి అడ్డదారిన చేరినవాడు గమ్యం చేరాడు గాని పందెం గెలవలేదు. ఆటలో సాధ్యం సాధనంలోనుంచే పుడుతుంది.

ఈ సిద్ధాంతానికి తెలుగు విద్వాంసులకు పరాయి ఉదాహరణలు అక్కరలేదు. మన అవధానం ఉంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. అవధాని ఆ సందులలోనుంచి పద్యాన్ని నడిపిస్తాడు. అక్షరాన్ని నిషేధించడం వల్ల కవిత్వానికి ఏ ప్రయోజనమూ లేదు. ఆ ఆటంకం అనవసరం, స్వచ్ఛందం. సభ చేసే హర్షధ్వానం ఆ ఆటంకాన్ని దాటినందుకే.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. ఒక పృచ్ఛకుడు అవధాని మీది అభిమానంతో, అతడు ఏ పదం వైపు పోతున్నాడో పసిగట్టి, నిషేధించవలసిన అక్షరాన్ని వదలి మరొకదానిని నిషేధించాడు. దీనిని మోసమనలేము. పృచ్ఛకుని పాత్రలో ఆ ఉదారతకు చోటు ఉంది. సభలోని ఎరిగినవారు దానిని గుర్తించి చిరునవ్వు నవ్వుకొంటారు. మరొక పృచ్ఛకుడు తానిచ్చే సమస్యను ముందురోజే అవధానికి చేరవేశాడనుకొందాం. పూరణ అద్భుతంగా వచ్చింది. పద్యం పద్యంగా నిర్దుష్టమే. ఇంటి దగ్గర కూర్చుని రాసినా అంతే బాగుంటుంది. కాని అవధానంగా అది శూన్యం. ఆ సంగతి బయటపడితే పోయేది ఆ ఒక్క పద్యం కాదు. ఆ అవధాని అంతకుముందు చేసిన నిజమైన పూరణలన్నింటి మీదా నీడ పడుతుంది.

ఇంకొక మెట్టు దిగి చూడాలి. ఈ రెండవ పృచ్ఛకుడు అవధానికి కూడా తెలియకుండా సహాయం చేశాడనుకొందాం: వేరొక నెపంతో, మాటల మధ్య, ఆ సమస్యకు పనికివచ్చే పదాలను ముందుగానే అతని మనస్సులో నాటాడు. అవధాని నిజాయతీగానే తాను ఆశువుగా పూరించాననుకొంటాడు. ఇందులో అవధాని దోషం లేదు, నష్టం మాత్రం అంతా అతనిదే. తన శక్తి గురించి తనకున్న జ్ఞానాన్ని మరొకరు దొంగిలించారు. మా వైద్యురాలి మిత్రురాలికి జరిగింది సరిగా ఇదే. గుహలో ఆమె బ్రతికి బయటపడలేదు, బ్రతికించబడింది. ఆ భేదం తెలిసే హక్కు ఆమెకు లేకుండా చేశాను. వంతెన ప్రశ్నకు అర్థం అదే. ఒక విజయం కానుక అని తెలిసిన తరువాత, ఏది ఆర్జితం, ఏది కానుక అని విడదీసే సాక్షి కావాలి. ఆ సాక్షిని నేనే. నా సాక్ష్యమే చెల్లకుండా పోయింది.

కల్పన, సాక్ష్యం

ఇంతవరకు చెప్పినదానికి గట్టి ఎదురువాదం ఒకటి ఉంది. నిర్వాహకుడు చెప్పేదంతా కల్పనే. మృగం లేదు, గుహ లేదు. ఆ మృగానికి ఎన్ని హిట్ పాయింట్లు ఉండాలో నిర్ణయించినది అతడే. ఇన్ని కల్పనల మధ్య ఒక్క పాచిక అంకెను కల్పించడం మాత్రమే అసత్యం ఎలా అవుతుంది?

నిర్వాహకుని మాటలలో రెండు జాతులున్నాయని గుర్తించడం దీనికి సమాధానం. ‘గుహలో ఒక మృగం ఉంది’ అన్నప్పుడు అతడు కల్పిస్తున్నాడు. ఆ మాటకు ముందు ఆ మృగం ఎక్కడా లేదు, మాటతోనే పుట్టింది. దానికి సత్యాసత్యాలు వర్తించవు. ‘పాచిక మీద ఇంత పడింది’ అన్నప్పుడు, లేదా పాచిక చూసి ‘తప్పింది’ అన్నప్పుడు, అతడు సాక్ష్యం చెబుతున్నాడు. పాచిక కథలో లేదు, బల్ల మీద ఉంది. అతని మాటకు ముందే ఆ అంకె ఉంది. కవికి ఉన్న స్వేచ్ఛ సాక్షికి లేదు. ఒకే నోటినుంచి ఒకే గొంతుతో రెండు జాతుల మాటలూ వస్తాయి గనుక ఒకదాని స్వేచ్ఛ రెండవదానికి సంక్రమించినట్లు భ్రమ కలుగుతుంది.

ఈ విభాగం అన్ని చోట్లా ఇంత స్పష్టంగా ఉండదు. మృగానికి అరవై హిట్ పాయింట్లు అని నిర్వాహకుడు తన కాగితం మీద రాసుకొన్నాడు. పోరాటం సాగదీతగా ఉందని మధ్యలో నలభైకి తగ్గించాడు. ఇది కల్పనను సవరించడమా, సాక్ష్యాన్ని తారుమారు చేయడమా? అదే విధంగా, రెండు బాటలు చూపి, ఏ బాటన పోయినా ఒకే రాక్షసుడు ఎదురయ్యేటట్లు ఏర్పాటు చేయడం ఈ ఆటవారికి సుపరిచితమైన ఉపాయం. ఆటగాళ్లు ఏమీ తెలియక, నాణెం ఎగరవేసినట్లు ఒక బాట పట్టితే, రాక్షసుడు అక్కడ ఉండడంలో అన్యాయం లేదు; నిర్వాహకుడు ఇంకా కల్పిస్తూనే ఉన్నాడు. వారు ఊరివారిని విచారించి, అడుగుజాడలు పరిశీలించి, రాక్షసుడు ఎడమ బాటలో ఉన్నాడని తెలుసుకొని కుడి బాట పట్టితే, అప్పుడు రాక్షసుణ్ణి కుడివైపుకు జరపడం మోసం.

దీనినుంచి ఒక ప్రమాణం లభిస్తుంది. నిర్వాహకుని కల్పన మీద ఆధారపడి ఆటగాడు ఒక నిర్ణయం తీసుకొన్న క్షణంనుంచి, ఆ కల్పన వాస్తవంతో సమానమైన గౌరవం పొందుతుంది. అప్పటి వరకు అది నిర్వాహకుని సొత్తు. ఆ తరువాత ఉమ్మడి సొత్తు. మృగం బలం గురించి ఆటగాళ్లకు ఏ సూచనా ఇవ్వకముందు అరవైని నలభై చేయవచ్చు. ‘దీనికి ఇంకా చాలా బలముంది’ అని చెప్పి, వారు దానిని నమ్మి తమ చివరి మంత్రాన్ని వ్యయం చేసిన తరువాత చేయరాదు. ఈ ప్రమాణం ప్రకారం పాచిక ఒక విశేష సందర్భం మాత్రమే. విసిరిన క్షణంలోనే అది ఉమ్మడి సొత్తవుతుంది.

సమ్మతి

నియమగ్రంథం ఇచ్చిన అనుమతి సంగతి ఇక మిగిలింది. గైగాక్స్ సూచనను జాగ్రత్తగా చూస్తే ఒక విశేషం కనబడుతుంది. పాత్ర మరణించడానికి బదులు స్పృహ తప్పిందనో, ఒక అవయవం కోల్పోయిందనో తీర్పు చెప్పవచ్చునన్నది అతడు ఇచ్చిన ఉపాయాలలో ఒకటి. ఇందులో పాచికను దాచవలసిన పని లేదు. అంకె ఎంత పడిందో అందరూ చూడవచ్చు. ఆ అంకెకు అర్థం ఏమిటన్నది తీర్పరి బహిరంగంగా చెబుతాడు. ఇది న్యాయమూర్తి శిక్షను తగ్గించడం వంటిది. సాక్ష్యాన్ని చించివేయడం కాదు. పైన చెప్పిన మూడు సాఫల్యాల, మూడు వైఫల్యాల నియమం కూడా అటువంటిదే. తొలినాటి నియమాలలో సున్న అంటే మరణమే. తరువాతి కూర్పులు ఆ కాఠిన్యాన్ని మెత్తబరచాయి, అదీ అందరికీ తెలిసిన నియమంగా. దయ నియమంగా మారినప్పుడు దానిని అందుకొన్నవారు చిన్నబోరు.

రహస్యంగా మార్చే అనుమతి విషయం వేరు. హితకరమైన అసత్యాలను పరీక్షించడానికి సిసేలా బోక్ 1978లో ‘లైయింగ్’ అనే గ్రంథంలో బహిరంగతను గీటురాయిగా ప్రతిపాదించింది. అసత్యమాడేవాడు చెప్పుకొనే సమర్థన, మోసపోయినవారితో సహా వివేకవంతుల ముందు బాహాటంగా నిలబడగలదా అన్నది ఆ పరీక్ష. ఆట ప్రారంభానికి ముందే నిర్వాహకుడు ‘అవసరమైతే నేను పాచికను మారుస్తాను, ఎప్పుడన్నది చెప్పను, మీకు సమ్మతమేనా?’ అని అడిగి, అందరూ ఒప్పుకొంటే, అక్కడ మోసం లేదు. ఇంద్రజాల ప్రదర్శనకు టికెట్టు కొన్నవాడు మోసపోలేదు. అటువంటి బృందం కథను ఎంచుకొంది, ఆర్జించిన విజయాన్ని కొంత వదలుకొంది. ఆ ఎంపికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నేను ఆ ప్రశ్న అడగలేదు. అడిగితే నలుగురిలో కనీసం ఒకరు వద్దంటారని నాకు లోపల తెలుసు గనుకనే అడగలేదు. బోక్ పరీక్షలో ఓడడమంటే ఇదే.

నియమగ్రంథం నిర్వాహకునికి ఇచ్చిన అనుమతి ఆటగాళ్లు ఇచ్చినది కాదు. గ్రంథకర్త మిత్రబృందంలో సభ్యుడు కాడు. పైగా ఈ విషయంలో నియమగ్రంథాలు ఏకాభిప్రాయంతో లేవు. విన్సెంట్ బేకర్ రూపొందించిన ‘అపొకలిప్స్ వరల్డ్’ (2010)లో నిర్వాహకుడు అసలు పాచికలే వేయడు. నిజాయతీ ఏది కోరుతుందో అది చెప్పడం అతని విధులలో ఒకటిగా ఆ గ్రంథం నిర్దేశిస్తుంది.

బహిరంగమైన దయకు ఒక లోటు ఉందని మాత్రం ఒప్పుకోవాలి. పదేళ్ల పిల్లవాడు మొదటిసారి ఆడుతున్నాడు. తొలి గంటలోనే అతని పాత్రకు చావుదెబ్బ పడింది. ‘ఈ దెబ్బ లేదనుకొందాం’ అని అందరి ముందు అంటే వాడి ముఖం చిన్నబోవచ్చు. రహస్యంగా చేసిన దయలో ఆ అవమానం లేదు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదన్న దానధర్మం ఇక్కడ గుర్తుకు వస్తుంది. అయితే గుప్తదానంలో దాత దాగుతాడు. అందినది దానమని గ్రహీతకు తెలుస్తూనే ఉంటుంది. దానాన్ని గ్రహీత సొంత సంపాదన అని నమ్మించడం గుప్తదానం కాదు. పిల్లవాని విషయంలో కూడా మెరుగైన దారి ఉంది: తొలి పాఠంలో మరణం ఉండదని ఆటకు ముందే చెప్పి మొదలుపెట్టడం. ఆ జాగ్రత్త తీసుకోక, దెబ్బ పడిన తరువాత మేలుకొన్న నిర్వాహకునికి మిగిలేవి రెండు చెడ్డ దారులే. వాటిలో పిల్లవాని కాసేపటి చిన్నబోవడాన్నే నేను ఎంచుకొంటాను; ఎంచుకోవడం మాత్రం సులభం కాదు.

ముగింపు

పాత్రధారణ క్రీడలో నిర్వాహకుడు కవి, తీర్పరి, సాక్షి. కవిగా అతడు ఎంత దయ అయినా చూపవచ్చు: మృగాన్ని పారిపోనీయవచ్చు, పాచిక వేయకుండా మానవచ్చు. తీర్పరిగా కొంత దయ చూపవచ్చు, అందరికీ తెలిసేటట్లు. సాక్షిగా అతనికి దయ చూపే అధికారం లేదు. సాక్షి చూపే దయ సాక్ష్యాన్ని చంపుతుంది. సాక్ష్యం చచ్చిన తరువాత కవి ఇచ్చిన కానుకలకూ, తీర్పరి చెప్పిన తీర్పులకూ విలువ నిర్ణయించేవారు ఉండరు.

ఈ చిన్న సందర్భంనుంచి పెద్ద ప్రశ్నకు దొరికే సమాధానం పరిమితమైనదే. హితకరమైన అసత్యాలన్నీ దోషాలని ఈ వ్యాసం నిరూపించలేదు. కౌశికుని ఎదుట నిలిచిన దొంగలకు ఇది వర్తించదు. ఎదుటివారి కష్టఫలితాన్ని వారికే నివేదించే స్థానంలో ఉన్నవారికి మాత్రం వర్తిస్తుంది. జవాబుపత్రం దిద్దే అధ్యాపకుడూ, పరిశోధన వ్యాసాన్ని మిత్రుడిదని మెత్తగా పరిశీలించే విద్వాంసుడూ ఈ స్థానంలోనే ఉన్నారు. జాలితో కలిపిన నాలుగు మార్కులు విద్యార్థికి ఆనాడు మేలే చేస్తాయి. నిజంగా సంపాదించిన డెబ్బైని కూడా అతడు ఏదో ఒకనాడు శంకించవలసివస్తుంది.

ఆ తరువాత మా బృందం తెరను తీసివేసింది. ఇప్పుడు పాచికలు బల్ల నడుమ, అందరి కళ్ల ఎదుట పడతాయి. వృద్ధ వైద్యురాలు మరికొన్ని నెలలు బ్రతికి, ఒక నది దాటుతుండగా మరణించింది. పడిన అంకెను అందరికంటె ముందు చూసి పైకి చదివినది ఆమె పాత్రధారిణే. వంతెన గురించి మాత్రం ఆమె మళ్లీ ఎన్నడూ ప్రస్తావించలేదు. నేనూ అడగలేదు.